రాగిపిండి ప్యాకెట్టు ఇంటికి చేరడమంటే

నేనేం ఉద్యోగం చేశానని ఎవరైనా అడిగితే మా ఆవిడ నాకంటే ముందు జవాబు చెబుతుంది. "మా ఇంటాయన సామాన్లు కింద పడేస్తా ఉండినారు. దానికి జీతం కూడా ఇచ్చినారు." అడిగినవాళ్లు నవ్వుతారు. నేనూ నవ్వుతాను. ఆమె మాటలో అబద్ధమేమీ లేదు. నా ఉద్యోగంలో చివరి భాగమంతా పప్పు, నూనె, బెల్లం, రాగిపిండి ప్యాకెట్లను కింద పడేసి, ఊపి, ఎండబెట్టి, ఒకదాని మీద ఒకటి పేర్చి, ఇంటికి చేరేలోపు అవి ఏమవుతాయో చూడటమే నా పని.

ఇదే పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్లు కొందరు ఈ మధ్య ఇంటికి వచ్చి, మీ అనుభవాలు రాసిపెట్టండి సార్ అన్నారు. ఏ డబ్బాను ఎంత ఎత్తు నుంచి వదలాలి, ఏ యంత్రం మీద ఎంతసేపు ఊపాలి అన్నవి మీకు శిక్షణలో చెబుతారు. వాటిని నేను మళ్లీ రాయను. నాకెప్పుడు పదోన్నతి వచ్చింది, ఎప్పుడు రాలేదు అన్నది మా ఆవిడకే ఆసక్తి లేని విషయం. నాకు ఈ పని నేర్పిన ఇద్దరు పెద్దల గురించి, పగిలిపోయిన ఒక రాగిపిండి ప్యాకెట్టు గురించి రాస్తాను. అసలు సంగతి అందులోనే ఉంది.

తాళ్ల షెడ్డు

నా మొదటి ఉద్యోగం కోలారు బంగారు గనుల్లో. నేను చేరేనాటికి గనులు ప్రభుత్వం చేతికి వచ్చి చాలాకాలమైంది. గనిలో పనంటే అందరూ బంగారం గురించి అడిగేవారు. నేను చూసింది ఇనుము. మనుషులను భూమి లోతుకు దించే కేజ్ ఒక ఇనుపతాడు మీద వేలాడుతుంది. ఆ తాళ్లను పరీక్షించే షెడ్డులో నేను సహాయకుణ్ణి.

అక్కడ మా ఫోర్‌మన్ దొరైరాజు. తమిళాయన, తెలుగు మాలాగే మాట్లాడేవాడు. ఆ షెడ్డులో పద్ధతి ఏమిటంటే, కొంతకాలానికొకసారి కేజ్‌కు కట్టిన తాడు చివర కొంత ముక్క కోసి, షెడ్డుకు తెచ్చి, తెగేదాకా యంత్రంతో లాగాలి. మిగిలిన తాడును మళ్లీ కొత్తగా కేజ్‌కు బిగిస్తారు. నేను చేరిన కొత్తలో నాకు ఒక సందేహం వచ్చింది. అంత పొడుగు తాడులో ఎప్పుడూ చివరి ముక్కనే ఎందుకు కోస్తారు, మధ్యలో బలం ఎలా ఉందో చూడొద్దా అని అడిగాను.

"మధ్యలో దానికేమి కష్టం ఉండాదప్పా?" అన్నాడు దొరైరాజు. "బరువు ఒకరి చేతిలో నుంచి ఇంగొకరి చేతికి మారతాది చూడు, ఆ చోటు చూడల్ల. తాడు కేజ్‌ను పట్టుకునే చోటు. తుప్పు ఆడనే, వంపు ఆడనే, అరుగుడూ ఆడనే."

ఆయనలో నాకు అన్నిటికంటే నచ్చిన గుణం ఇంకొకటి. తాడు కొత్తగా బిగించిన రోజు, షిఫ్టుకు దిగే మనుషులు వరుసలో నిలబడి ఉంటే, ముందు ఆయన కేజ్ ఎక్కి కిందికి పోయి వచ్చేవాడు. అది ఆయన పని కాదు. పరీక్ష ఫలితం రాసి ఇస్తే చాలు. "బాగుండాదని నేను చెప్పిన తాడు మీద నేనే వేలాడకపోతే ఎట్ల?" అనేవాడు. ఆయన పైకి వచ్చి టోపీ సర్దుకున్నాకే మిగతావాళ్లు ఎక్కేవారు. ఆ మనిషి మీద నాకున్న గౌరవం ఇప్పటికీ తగ్గలేదు. మా నాన్న తర్వాత నేను అంతగా గౌరవించిన మనిషి ఆయనే.

గనులు మూతపడ్డాయి. ఆ బాధ గురించి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు, నేను రాయను. మాలూరులో అట్టపెట్టెలు చేసే ఫ్యాక్టరీలో కొన్నేళ్లు చేశాను. తర్వాత ఇళ్లకు సరుకులు పంపే కంపెనీ ఒకటి బంగారపేట దారిలో గోదాము పెట్టింది. తాళ్లను లాగి చూసినవాణ్ణి, పెట్టెలను నొక్కి చూసినవాణ్ణి అని నన్ను తీసుకున్నారు. మొదటిరోజు ఒక కారప్పొడి ప్యాకెట్టును కిందికి వదలమన్నారు. వదిలాను. పగిలింది. గోదాము షెడ్డులో అందరికీ కళ్లనీళ్లు. నా కొత్త ఉద్యోగం అలా మొదలైంది.

లలితమ్మ మేడమ్

మా గోదాముకు మొదట వచ్చిన పెద్దాయనకు రంగురంగుల పటాలంటే ఇష్టం. పరీక్షలో నెగ్గినవి పచ్చగా, ఓడినవి ఎర్రగా చూపించే పటాలు. మంచివాడే, ఎవరినీ ఒక మాట అనేవాడు కాదు. కానీ గోడంతా పచ్చగా ఉంటే చాలు, ఇళ్లలో ఏం జరుగుతోందన్నది ఆయనకు అక్కరలేదు. ఇలాంటి పెద్దలు మీకూ వస్తారు. వాళ్ల దగ్గర నెమ్మదిగా పని చేసుకోండి, కానీ ఆ పటాలను నమ్మి నిద్రపోకండి.

ఆయన తర్వాత వచ్చింది లలితమ్మ మేడమ్. కోలారు బజారులో వాళ్లది బియ్యం, రాగుల అంగడి. మూటల మీద పడుకుని పెరిగిన మనిషి. బెంగళూరులో చదివి, అక్కడే కొన్నాళ్లు పనిచేసి వచ్చింది. గొంతు పెంచేది కాదు, కానీ ఎవరైనా "బహుశా" అని మొదలుపెడితే చేయెత్తి ఆపేది. నాతోనూ అదే మాట: "బహుశా వద్దు నారాయణప్పా. చూసినారా, చూడలేదా?"

వచ్చిన మొదటిరోజే నన్నడిగింది. "మీరు ఇంత బాగా పరీక్ష చేస్తారు గదా, ఈ డబ్బాను చివరికి విప్పేవాళ్లను ఎప్పుడన్నా చూసినారా?"

చూడలేదన్నాను. మరుసటి రోజు పొద్దున ఇద్దరం సరుకుల ఆటోలో ఉన్నాం. ఆటో నడిపే సెల్వంది గనుల పక్కనున్న ఆండర్సన్‌పేట. వాళ్ల నాన్న, తాత గనిలో దిగినవాళ్లు. మేడమ్ ముందుసీటులో కూర్చోనంది. వెనక సరుకుల మధ్య ఒక బుట్ట బోర్లించుకుని కూర్చుంది. నాకు చప్పున దొరైరాజు గుర్తొచ్చాడు.

ఆ రోజే మాకు టీపొడి సంగతి తెలిసింది. టీపొడి ప్యాకెట్టును మేము ఎంత పడేసినా చెక్కుచెదరలేదు. కానీ ఒకావిడ మేడమ్‌కు టీ పెట్టి ఇచ్చింది. మేడమ్ ఒక గుక్క తాగి గ్లాసు నాకు అందించింది. టీ అంతా బట్టల సబ్బు వాసన. ఒకే సంచిలో సబ్బు, టీపొడి పక్కపక్కన పెట్టి, ఎండలో ఆటో అంతదూరం వస్తే ఇంకేమవుతుంది? ప్యాకెట్టు పగలలేదు, లోపలి సరుకు మాత్రం పాడైంది. ఆవిడ రోజూ ఆ టీనే తాగుతూ, ఈ కంపెనీ టీ రుచే ఇంతేమో అనుకుంటోంది. మేడమ్ గోదాముకు వచ్చి సబ్బులకు వేరే సంచి పెట్టించింది. అంతకుముందు నేను చేసిన పరీక్షలన్నీ ఒక ఎత్తు, ఆ ఒక్క గుక్క టీ ఒక ఎత్తు.

చౌడమ్మ మిల్లు

సుగటూరు నుంచి రాగిపిండి పంపేది చౌడమ్మ. వ్యవసాయం ఇల్లు, రాగులు సొంత పొలంవి కొన్ని, చుట్టుపక్కలవాళ్లవి కొన్ని. ఇంట్లో ఉన్న ఆవులను అమ్మేసి పిండిమిల్లు, ప్యాకెట్ల మూతి అతికించే యంత్రం పెట్టుకుంది. ఊళ్లో ఆడవాళ్లు కొందరు ఆమె దగ్గరే పనిచేసేవారు. ఆ పిండి గురించి నేను ఒక్క మాట చెప్పాలి. అలాంటి రాగిపిండి నేను మళ్లీ చూడలేదు. రాళ్లు లేకుండా, తేమ లేకుండా, నూరిన వేడి పోయేదాకా ఆరబెట్టి నింపేది. సంగటి ముద్ద చేత్తో తుంచితే అంచు నున్నగా వచ్చేది.

ఆ పిండికి ఆండర్సన్‌పేట నుంచి ఫిర్యాదులు మొదలయ్యాయి. ప్యాకెట్లు పగిలి వస్తున్నాయని, ఇల్లంతా పిండి అని. వేరే పేటల నుంచి ఒక్క మాట లేదు. నేను షెడ్డులో ఆ ప్యాకెట్లను అన్ని రకాలుగా పడేశాను. మూల మీద, అంచు మీద, వీపు మీద. ఏమీ కాలేదు. ఊపే బల్ల మీద పెట్టాను. ఏమీ కాలేదు. బెంగళూరు పెద్దాఫీసులోనూ పరీక్షించారు, అక్కడా ఏమీ కాలేదు. అయినా ఆండర్సన్‌పేటలో పగులుతూనే ఉన్నాయి.

పెద్దాఫీసు ఒక నిర్ణయానికి వచ్చింది. పల్లెటూరి యంత్రం, అతుకు ఒకసారి ఉన్నట్లు ఇంకొకసారి ఉండదు, చౌడమ్మ పిండి ఆపేసి పెద్ద మిల్లు పిండి తీసుకుందాం అన్నారు. మేడమ్ సంతకం పెడితే చాలు. ఆ మాట ఎలా తెలిసిందో, చౌడమ్మ ఒక మూట ప్యాకెట్లు పట్టుకుని గోదాముకు వచ్చేసింది.

నేను ఒక ప్యాకెట్టు అందుకోబోతే, "మెల్లగా పట్టుకోప్పా" అంది. పసిబిడ్డను ఇచ్చినట్లు రెండు చేతులతో ఇచ్చింది.

మేడమ్ ఆమెను కూర్చోమంది. ఆమె కూర్చోలేదు. "ఏమి తప్పు చేసినానో చెప్పమ్మా, సరి చేసుకుంటాను. తప్పేందో చెప్పకుండా ఆపేస్తే నేను యాడికి పోయేది? ఆవులు కూడా లేవు ఇంగ. నన్ను నమ్ముకోని వచ్చినోళ్లు మళ్ల ఇటుకల బట్టీకి పోవాల."

"తప్పు మీదని నేను అనలేదు చౌడమ్మా."

"మీరు అనలేదు. పైవాళ్లు అన్నారు గదా."

మేడమ్ సంతకం పెట్టాల్సిన కాగితం పక్కకు జరిపింది. తర్వాత, "యాడ పగులుతా ఉండాదో నేను నా కండ్లతో చూడల్ల. చూడకుండా సంతకం పెట్టను" అంది. చౌడమ్మ కొంగుతో మొహం తుడుచుకుని మూట అక్కడే వదిలి వెళ్లింది. బస్సు దాకా నేను తోడు వెళ్లాను. దారంతా ఆమె రాగుల ధర గురించి, వాన గురించి మాట్లాడింది. ప్యాకెట్ల మాట ఎత్తలేదు.

ఆండర్సన్‌పేట గడపల్లో

సెల్వం ఆటో బయలుదేరేముందు ప్రతి రాగిపిండి ప్యాకెట్టు నేనే చూశాను. అన్నీ బాగున్నాయి. ఆండర్సన్‌పేట చేరాక ఆటో ఆపి మళ్లీ చూశాను. అన్నీ బాగున్నాయి. "చూసినారు గదా సార్" అన్నాడు సెల్వం. "నా బండిలో ఏమీ కాదు. కానీ పేరు మాత్రం నా బండికే వస్తాది."

మొదటి ఇల్లు రాజమ్మది. గనిలో పనిచేసిన భర్త పోయాక కొడుకు దగ్గర ఉంటున్న పెద్దావిడ. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. కొత్త ఇళ్లు ఉన్న పేటల్లో సంచి మొత్తం గుమ్మంలో పెట్టి వచ్చేస్తాం. ఆండర్సన్‌పేటలో అలా కుదరదు. గని స్టోరులో సరుకులు తెచ్చుకున్న కుటుంబాలు అవి. కౌంటరు దాటి బయటికి వచ్చాక సరుకు బాగాలేదంటే వినేవాడు లేని కాలం చూసినవాళ్లు. అందుకే తెచ్చినవాడు ఎదురుగా ఉండగానే, గడప మీద కూర్చుని, ఒక్కొక్క వస్తువూ చేతిలోకి తీసుకుని చూసుకుంటారు.

"ఒక్కొక్కటే ఇయ్యప్పా సెల్వం, తొందరేమి?" అంది రాజమ్మ. కందిపప్పు చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. ఉప్పు గడ్డ కట్టిందేమో వేళ్లతో తడిమింది. సబ్బు వాసన చూసింది. తర్వాత రాగిపిండి ప్యాకెట్టు తీసుకుని, పిడికిట్లో పట్టి, పళ్లు బిగించి నొక్కింది.

టప్‌మని మూతి ఊడిపోయింది. పిండి ఆమె ముక్కు మీద, సెల్వం చొక్కా మీద, మేడమ్ చీర మీద.

"చూడమ్మా ఎట్ల పంపించినారో" అంది రాజమ్మ చాలా బాధగా. "ఇంట్లోకి రాకముందే పగిలిపాయె."

"మీరు నొక్కినారు గదా పెద్దమ్మా" అన్నాను నేను.

"నేనా? నేను సుమ్మనే పట్టుకున్నానప్పా, అంతే."

ఆమె అబద్ధం ఆడటం లేదు. నొక్కినట్లు ఆమెకే తెలియదు. మేడమ్ చీర మీద పిండి దులుపుకుంటూ నవ్వు ఆపుకోవడానికి తంటాలు పడుతోంది. "పెద్దమ్మా, ఇంగొకటి ఇస్తాను. ఇప్పుడు చేసినట్లే మళ్ల చేయండి" అంది. రాజమ్మ రెండోదీ పట్టుకుంది. అది పగలలేదు కానీ మూతి పక్కన చిన్న సందు పడి పిండి కారింది.

"దీన్ని ఎందుకు నొక్కుతారు పెద్దమ్మా?"

"పిండి కొత్తదో పాతదో తెలియొద్దా? కొత్తపిండి అయితే నొక్కితే వేళ్లగుర్తులు నిలిచిపోతాయి. పాతది రాలిపోతాది. పురుగు పట్టింటే చేతికి దారాలు దారాలుగా తగుల్తాది. ఇదేమన్నా కొత్త సంగతా? మీ ఇంట్లో చూడరా?"

మా ఇంట్లోనూ చూస్తారు. మా అమ్మ చూసేది, మా ఆవిడ చూస్తుంది. ఆ పొద్దున మేము వెళ్లిన ప్రతి ఇంట్లోనూ అదే జరిగింది. కొన్ని పగిలాయి, కొన్ని నిలిచాయి. చివరి ఇంటి నుంచి వచ్చేటప్పుడు మేడమ్ సరుకుల మధ్య బుట్ట మీద కూర్చుని, "బెంగళూరులో ఎవరూ నొక్కరు నారాయణప్పా. అందుకే వాళ్లకు తెలీలేదు" అంది.

మరి మాకెందుకు తెలియలేదు? ఆ జవాబు గోదాములో దొరికింది. మేడమ్ అందరినీ పిలిచి జరిగింది చెప్పడం మొదలుపెట్టింది. చెబుతుండగా సంచులు కట్టే ఆడవాళ్లు ఒకరినొకరు చూసుకుని నవ్వసాగారు. మేడమ్ చేతిలో ఒక రాగిపిండి ప్యాకెట్టు ఉంది. ఆమె మాట్లాడుతూనే దాన్ని నొక్కుతోంది. ఆమె దాన్ని చూసుకుని ఆగిపోయింది. తర్వాత సంచులు కట్టేవాళ్లను మామూలుగా పని చేయమని గమనించాం. ప్రతివాళ్లూ రాగిపిండిని సంచిలో వేసేముందు ఒకసారి నొక్కి వేస్తున్నారు. ఆటోలో ఎక్కించేటప్పుడు సెల్వం నొక్కాడు. బాగున్నాయని పొద్దున నేను చూశానన్నాను గదా, ఆ చూడటం కూడా ఒక నొక్కుడే. షెడ్డులో పరీక్షించినవి మాత్రం ఎవరి చేతికీ చిక్కకుండా మూటలో నుంచి నేరుగా బల్ల మీదికి వచ్చినవి. జిల్లా అంతా ఒకే అలవాటు, అందుకే ఏ ఒక్కరికీ కనిపించలేదు. ప్రతి చేయీ మూతిని కొంచెం వదులు చేసి ఇంకొక చేతికి ఇస్తోంది. చివరికి ఎవరి చేతిలో పగిలితే వాళ్లు సెల్వాన్ని తిట్టేవారు. సంచి గుమ్మంలో పెట్టి వచ్చే పేటల్లో మాత్రం తమ చేతి తప్పనుకుని ఊరుకునేవారు. బరువు చేతులు మారే చోటు చూడమన్న దొరైరాజు మాట నాకు ఆ రోజు రెండోసారి అర్థమైంది.

ప్యాకెట్టులో గాలి

పెద్దాఫీసుకు ఫోను చేస్తే వాళ్లు చెప్పిన ఉపాయం సులువైనది. ప్యాకెట్టు మీద "నొక్కరాదు" అని అచ్చు వేయండి అన్నారు.

మేడమ్ గొంతు పెంచలేదు. "సార్, కొనే మనిషి పిండి బాగుందో లేదో చూసుకోకూడదని చెప్పడానికి మనం ఎవరం? వాళ్లకు తెలిసిన పరీక్ష అది. ఆ పరీక్షకు నిలబడేలా మన ప్యాకెట్టు ఉండాలి" అంది. ఇన్నేళ్ల నా ఉద్యోగంలో ఒక అధికారి నోట నేను విన్న అత్యుత్తమమైన మాట అది. ఆ మాటకు నేను ఆమెకు లేచి నమస్కారం పెట్టవలసింది. అప్పుడు తోచలేదు, ఇప్పుడు పెడుతున్నాను.

ఇక కారణం వెతకడం నా వంతు. ప్యాకెట్టు నిండా గాలి ఉంది. ఉబ్బిన ప్యాకెట్టు కింద పడినా తట్టుకుంటుందని పెద్దాఫీసువాళ్లే చౌడమ్మకు సలహా ఇచ్చారట. నిజమే, అందుకే నేను ఎంత పడేసినా పగలలేదు. కానీ పిడికిట్లో నొక్కితే ఆ గాలి పోవడానికి దారి లేక మూతిని తోస్తుంది. పైగా రాగిపిండి మెత్తన. నింపేటప్పుడు దుమ్ములా లేచి మూతి లోపల అంటుకుంటుంది. అంటిన చోట వేడి తగిలినా ప్లాస్టిక్కు సరిగ్గా అతుక్కోదు.

మేడమ్, నేను సుగటూరు వెళ్లాం. గాలి తీసేయాలి, మూతి లోపల గుడ్డతో తుడవాలి, అతుకు ఒకటి కాక రెండు వేయాలి అని చెప్పాను. తుడవడానికీ, రెండో అతుకుకూ చౌడమ్మ తలూపింది. గాలి దగ్గర ఆగింది.

"గాలి తీస్తే ప్యాకెట్టు బక్కగా అయిపోతాదమ్మా. పక్కన పెద్ద మిల్లుది ఉబ్బి ఉంటాది. నాది చూసి, పిండి తక్కువ పోసిందని అంటారు. పగిలిందంటే ఓర్చుకుంటాను గానీ, తక్కువ పోసిందంటే నేను తల యాడ పెట్టుకునేది?"

అది మామూలు భయం కాదు. పల్లెలో ఒకసారి ఆ మాట పడితే పోదు. మేడమ్‌ది అంగడి కుటుంబం కాబట్టి ఆమెకు అది నాకంటే బాగా తెలుసు. ఆమె తొందరపెట్టలేదు. "మీ ఊరి ఆడవాళ్లనే అడుగుదాం" అంది. ఉబ్బినది ఒకటి, గాలి తీసినది ఒకటి మిల్లులో పనిచేసేవాళ్ల చేతుల్లో పెట్టింది. వాళ్లు రెండూ నొక్కి చూశారు. గాలి తీసినదాన్ని పట్టుకున్న ఆమె, "ఇది చేతికి నిండుగా ఉండాది అక్కా. దాంట్లో గాలే తగుల్తా ఉండాది, దీంట్లో పిండి తగుల్తా ఉండాది" అంది. చౌడమ్మ ఆ రెండూ తనే తీసుకుని చాలాసేపు నొక్కింది. "సరే, తీద్దాం" అంది చివరికి.

కొత్త ప్యాకెట్లు వచ్చాక షెడ్డులో మళ్లీ మొదటి నుంచి పడేశాను. గాలి లేకపోయినా రెండు అతుకులు నిలబెట్టాయి.

రాజమ్మ వచ్చిన రోజు

పెద్దాఫీసు నుంచి ఒక సార్ వస్తానన్నాడు. ఆయన ముందర ప్యాకెట్టు పగిలితే చౌడమ్మ పిండికి అదే ఆఖరు. చిన్న వయసు, మర్యాదస్థుడు. నొక్కడం అంటే ఎంత బలంతో, ఏ యంత్రంతో అని అడిగాడు. "యంత్రం వస్తా ఉంది సార్, ఆటోలో" అంది మేడమ్. సెల్వం ఆటోలో నుంచి రాజమ్మ దిగింది.

ఆమెను ఒప్పించడం అంత సులువుగా జరగలేదని సెల్వం చెప్పాడు. "పిండి నొక్కేదానికి ఆఫీసుకు పిలుస్తారా ఎవరన్నా" అని నమ్మలేదట. మధ్యాహ్నం సంగటి, కోడిపులుసు అన్నాక చీర మార్చుకుందట.

చౌడమ్మ కూడా వచ్చింది. షెడ్డు మూలలో, గోడవైపు తిరిగి నిలబడింది. రాజమ్మకు ఆమె ఎవరో తెలియదు. మేడమ్ కావాలనే చెప్పలేదు. తెలిస్తే చేయి మెత్తబడుతుందని.

ప్యాకెట్టు అప్పటికే సంచులు కట్టేవాళ్ల చేతుల మీదుగా, సెల్వం చేతి మీదుగా వచ్చింది. ఆ పద్ధతి మార్చవద్దని మేడమ్ చెప్పింది. రాజమ్మ కుర్చీ వద్దని గుమ్మం మీద కూర్చుంది. పిడికిట్లో పట్టి నొక్కింది. ఏమీ కాలేదు. ఆమె ప్యాకెట్టును తిప్పి చూసి, రెండో చేయి కూడా వేసి నొక్కింది. మెడ నరాలు తేలాయి. ఏమీ కాలేదు. చౌడమ్మ వీపు కదలడం లేదు. ఇంకొకటి ఇచ్చాం, ఇంకొకటి ఇచ్చాం. చివరికి రాజమ్మకు విసుగొచ్చింది.

"ఇదేందమ్మా, ఎంత నొక్కినా గట్టిగా ఉండాది. విప్పండి, పిండి చూస్తాను."

విప్పి చేతిలో పోశాం. పిడికిలి మూసి తెరిచింది. వేళ్లగుర్తులు అలాగే నిలిచాయి. కొంచెం నోట్లో వేసుకుంది. "ఈ పిండి ఎవరు చేసినారు? మా అత్త కాలంలో ఇట్లుండేది" అంది.

మూలలో చౌడమ్మ ఇటు తిరిగింది. నేరుగా వచ్చి రాజమ్మ పక్కన గుమ్మం మీద కూర్చుని ఏడ్చేసింది. ఎందుకు ఏడుస్తోందో తెలియకపోయినా రాజమ్మ పిండి చేత్తోనే ఆమె వీపు నిమిరింది. రవికె మీద అయిదు వేళ్లూ అచ్చుపడ్డాయి. పెద్దాఫీసు సార్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఆ రోజు సంగటి ఆయన కూడా మాతోనే తిన్నాడు.

చివరి రోజు

కొత్తగా వచ్చేవాళ్లు అడుగుతారు, మాకేం సలహా ఇస్తారని. యంత్రాన్ని తక్కువ చేయను, అది లేకపోతే నా ఉద్యోగమే లేదు. కానీ వారానికొకసారైనా ఆటో వెనక బుట్ట మీద కూర్చుని వెళ్లండి. ఏ చేతి నుంచి ఏ చేతికి మారుతోందో చూడండి. మీ చేయి ఏం చేస్తోందో కూడా చూడండి. మీరు ఇక్కడివాళ్లయితే ఇక్కడి అలవాటు మీకు కనిపించదు, ఎవరినైనా పక్కన పెట్టుకుని చూడండి. ఒక ప్యాకెట్టు పనికిరాదని సంతకం పెట్టేముందు, దాన్ని చేసిన మనిషి ఎదురుగా నిలబడి తప్పేమిటో చెప్పగలరా అని మిమ్మల్ని మీరే అడగండి. చెప్పలేకపోతే ఇంకా పరీక్ష పూర్తి కాలేదు.

నేను రిటైరైన రోజు గోదాములో చిన్న సభ పెట్టారు. శాలువా కప్పారు. సెల్వం వచ్చాడు, సుగటూరు నుంచి చౌడమ్మ తన మిల్లు ఆడవాళ్లను వెంటబెట్టుకుని వచ్చింది. వాళ్లలో ఎవరూ ఇటుకల బట్టీకి వెళ్లలేదు, ఇంకా కొత్తవాళ్లు చేరారు. జ్ఞాపిక ఏదో ఇస్తారని నేను చూస్తుంటే, మేడమ్ నా చేతిలో ఒక రాగిపిండి ప్యాకెట్టు పెట్టి, రెండు మాటలు మాట్లాడమంది.

నాకు సభలో మాట్లాడటం రాదు. దొరైరాజు గురించి మొదలుపెట్టాను. తాడు చివర గురించి ఏదో చెబుతున్నాను. ముందు వరుసలో నవ్వులు మొదలయ్యాయి. ఎందుకో తెలియక ఆగాను. అందరూ నా చేతిని చూస్తున్నారు. ఇన్నేళ్ల తర్వాత కూడా నా పిడికిలి దాని పని అది చేసుకుపోతోంది.

సిగ్గేసి చేయి వదులు చేశాను. మెల్లగా పట్టుకోమని ఒకప్పుడు నాకు ప్యాకెట్టు రెండు చేతులతో అందించిన చౌడమ్మ, ఆడవాళ్ల మధ్య నుంచి లేచి నిలబడింది.

"వదలొద్దప్పా" అంది. "ఇంగా గట్టిగా నొక్కు."